తెగాల్సిన చోటు

నేను గాలం వేసేదాన్నంటే మా బంధువులు ఇప్పటికీ నమ్మరు. నమ్మినవాళ్ళు నవ్వుతారు. మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పుకునే ఆడమనిషి, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయే ఆడమనిషి, శనివారం మధ్యాహ్నం చెరువు కట్ట కింద రాతి మీద కూర్చుని, గాలపు దారానికి కట్టి నీళ్ళ మీద తేలేసిన బెండు వంక కళ్ళప్పగించి చూస్తుందంటే నవ్వక ఏం చేస్తారు. మా నాన్నకు కొడుకులు లేరు. తన గాలపు కర్ర నాకిచ్చాడు, అంతే. పెళ్ళిచూపుల్లో వంట వచ్చా అని అడిగారు, కుట్టు వచ్చా అని అడిగారు. గాలం వచ్చా అని ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

అరవైల మొదట్లో నన్ను కోవూరుకు తూర్పున, సముద్రానికి నాలుగైదు మైళ్ళ ఇవతల ఉన్న ఒక పల్లెకు వేశారు. సంగం ఆనకట్ట దగ్గర పెన్న నుంచి బయలుదేరిన నీళ్ళు కాలువల్లో తిరిగి తిరిగి మా చెరువుకు వచ్చేవి. మా ఆయన గూడూరు స్టేషన్లో గుమాస్తా. శనివారం రాత్రికి వచ్చి సోమవారం పొద్దున్నే బస్సెక్కేవాడు. మిగతా రోజుల్లో నేనూ, స్కూలూ, చెరువూ.

మా ఇంటికి ఒక గోడ అవతల అవ్వ ఉండేది. ఆమెది సముద్రపు ఒడ్డు పాలెం. మొగుడు పోయాక కూతురి దగ్గరికి వచ్చి చేరింది. అల్లుడు చెరువుల్లో, కాలువల్లో విసురువల వేసి బతికేవాడు. కూతురికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. నన్ను అక్కా అని పిలిచేది. అప్పటికే రెండు కాన్పులు పోయాయి ఆ పిల్లకు. మొదటిది నెలలు నిండకుండానే పోయింది, రెండోది పుట్టి ఏడవలేదు. నేను చెప్పబోయే రోజుల్లో మళ్ళీ ఆరో నెల. ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనేవాళ్ళు కాదు. బిందె ఎత్తబోతే అవ్వ వచ్చి చేతిలోంచి లాక్కునేది, అంతే.

అవ్వ కూడా గాలం వేసేది. ఇద్దరం ఒకే రాతి మీద కూర్చునేవాళ్ళం. నాకు కొంచెం పొగరు ఎక్కువ. ఆమె సరంజామా చూస్తే జాలేసేది. నూలు దారం చేత్తో పురి వేసి, తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో ముంచి ఆరబెట్టుకునేది. గాలానికి పైన జానెడు మేర మాత్రం ఆ దారం సన్నగా రెండే పోగులు ఉండేది. సీసం గుండును ఒంటి పోగుతో కట్టేది. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును రాతి మీద అరగదీసి నున్నగా చేసేది. మంచి దారం చాలక ఎక్కడికక్కడ అతుకులేసుకుంటోంది పాపం అనుకున్నాను. ముల్లు ఎందుకు అరగదీస్తావని మాత్రం ఒకసారి అడిగాను.

"మూతి చినగకుండా వస్తే కుండలో నాలుగు దినాలు బతికుంటాది" అంది. "జబ్బు చేసి లేచినోళ్ళు బతికిన కొరమీనే కావాలంటారు గదమ్మా."

ఆ ఏడాది వానలకు ముందు మా ఆయన మద్రాసు వెళ్ళి నైలాన్ దారం తెచ్చాడు. మా పల్లెలో అంతకుముందు ఎవరూ చూడలేదు. నీళ్ళలో వేస్తే కనపడదు, లాగితే చెయ్యి తెగుతుంది గాని అది తెగదు. "చేపలకు ఉరితాడు తెచ్చినా, ఇంక నీ ఇష్టం" అన్నాడాయన. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. కర్ర కొస నుంచి గాలం దాకా ఒకే ముక్కగా కట్టాను. సీసాన్నీ, బెండునూ రెండేసి ముళ్ళు వేసి బిగించాను. బెండు దూరానికి కనపడాలని స్కూల్లో పరీక్ష కాగితాలు దిద్దే ఎర్ర సిరాలో నానబెట్టాను. అదంతా తీసుకుపోయి అవ్వకు చూపించాను.

ఆమె ఆ దారాన్ని వేళ్ళకు చుట్టి లాగింది, పంటితో కొరికి చూసింది, తిరిగిచ్చేసింది.

"ఇది తెగితే యాడ తెగతాది టీచరమ్మా?"

"తెగదవ్వా. దీని గొప్పే అది."

"ఎంత గట్టిదైనా యాడో ఒక చోట తెగతాది. ఆ చోటేదో మనమే పెట్టుకోవాల. చేప పోతే గాలం మటుకే తీసుకోని పోవాల, మన కొంపంతా ఈడ్చుకోని పోకూడదు."

నేను నవ్వాను. దారం లేనివాళ్ళ మాటలనుకున్నాను.

ఎండాకాలంలో నీళ్ళు తగ్గినప్పుడు అవ్వ నాకు ఉత్తరపు మూల తుంగ పక్కన ఒక పెద్ద కొరమీను ఉందని చూపించింది. వానలు పడి చెరువు నిండాక, ఒక శనివారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఆ మూలకు పోయాను. చిన్న కప్పను గుచ్చి తుంగ అంచున వేశాను. కప్ప గురించి ఎవరూ నన్ను నిలదీయలేదు గాని, నిలదీస్తే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. బెండు రెండుసార్లు కూడా ఊగలేదు. ఒక్క ఊపున లోపలికి పోయింది. నేను లేచి లాగాను. దారం తెగలేదు, నిజమే. మా నాన్న వెదురు కర్రే కొసన కణుపు దగ్గర ఫట్టుమని విరిగింది. జానెడు వెదురు ముక్క, దారం, సీసం, బెండు అన్నీ చేపతో పాటు పోయాయి. చేతిలో మోడు కర్ర పట్టుకుని నిలబడ్డాను.

కాసేపటికి నలభై అడుగుల దూరంలో నా ఎర్ర బెండు పైకి వచ్చింది. దాని పక్కనే నీళ్ళ మీద ఇంకో ఎరుపు కనపడింది. ముందు నాకు అర్థం కాలేదు. వందల కొద్దీ ఎర్రటి కొరమీను పిల్లలు ఒకచోట గుంపుగా తేలుతూ, బియ్యం ఉడుకుతున్నట్టు కుతకుతలాడుతున్నాయి. బెండు కదిలితే ఆ గుంపూ కదిలింది. పిల్లల మీద కాపలా ఉన్న తల్లిని పట్టాను నేను.

ఎవరికీ చెప్పకూడదనుకుని ఇంటికి వచ్చాను. కానీ ఎర్ర సిరా పూసి తేల్చినదాన్ని దాచేదెట్లా. మర్నాడు నేను చర్చికి బయలుదేరుతుంటే, మా ఆయన ఇంకా పళ్ళు తోముకుంటుంటే, అవ్వ గుమ్మంలో నిలబడింది.

"అది పిల్లల మీద ఉండాది. చూసినావా?"

"చూసినా. నాకు ముందు తెలీదవ్వా."

"తెలీదు. సరే." కొంగుతో మొహం తుడుచుకుంది. "తినేదానికి పడితే తప్పు లేదమ్మా. మేం బతికేదే అట్టా. పిల్లల మీద ఉండేదాన్ని మటుకు మేం పట్టం, పడినా తినం. అది ఆ తాడు ఈడ్చుకుంటా చచ్చిందనుకో, దాని ఉసురు యాడికి పోతాది? ఆ మూల నీకు చూపించింది నేను. నా ఇంట్లో కడుపుతో ఉండే బిడ్డ ఉండాది."

నేను ఒంటికాలి మీద లేచాను. చేపకు ఉసురేందని, మీ అమ్మాయి కాన్పుకూ చెరువులో చేపకూ సంబంధం ఏందని, ఇట్టాంటివి నమ్మబట్టే మనం ఇట్టా ఉన్నామని, క్లాసులో చెప్పినట్టు చెప్పాను. అవ్వ అంతా విన్నది.

"నీకు ఉండకపోవచ్చు తల్లీ. నాకుండాది" అంది.

ఆ పూట చర్చిలో అందరూ జబ్బుల కోసం, వానల కోసం ప్రార్థన చేస్తుంటే నేను ఒక కొరమీను కోసం చేశాను. సిగ్గేసింది, అయినా చేశాను.

అవ్వ చెప్పాకే నాకు తెలిసింది, కొరమీను నీళ్ళలో ఉన్నా మాటిమాటికీ పైకి వచ్చి గాలి మింగకపోతే బతకదని. దారం లోపల తామర కాడలకో, తుంగకో చుట్టుకుని పొట్టిదైపోతే అది పైకి రాలేదు. నీళ్ళలోనే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. అందుకే ఆమె దారంలో ఆ జానెడు బలహీనం. ఎంత పెద్ద చేప గుంజుకున్నా అక్కడే తెగుతుంది. సీసం దేనికన్నా చిక్కుకుంటే ఆ ఒంటి పోగు తెగి సీసం ఒక్కటే పోతుంది. నేను బీదరికం అనుకున్నదంతా ఆలోచన. అది తెలిసినప్పుడు తల కొట్టేసినట్టయింది.

అల్లుడికి చెప్పి వల వేయిద్దామన్నాను. అవ్వ వద్దంది. చెబితే కూతురికి తెలుస్తుంది, తెలిస్తే ఆ పిల్ల మనసులో పెట్టుకుంటుంది. కాబట్టి ఈ పని మా ఇద్దరిదే. పొద్దున బడికి ముందు, సాయంత్రం బడి వదిలాక చెరువు చుట్టూ తిరిగాం. పొడుగాటి వెదురుకు వంకర పుల్ల కట్టి బెండును లాగాలని చూశాం. దగ్గరికి పోతే అది మునిగేది, ఇంకోచోట లేచేది. వెనకాలే పిల్లల గుంపు. కట్ట మీద పోయే వాళ్ళు ఆగి చూసేవారు. టీచరమ్మ బెండును చేప మేపుకోవడానికి తోలుకుపోయిందని ఊళ్ళో ఎగతాళి బయలుదేరింది. మామూలుగా అయితే ఆ మాటన్నవాణ్ణి వదిలేదాన్ని కాదు. అప్పుడు వెదురు పట్టుకుని నా పని నేను చూసుకున్నాను.

సోమవారం బెండు చెరువు సగం దాకా తిరిగింది. మంగళవారం ఉత్తరపు మూల వదలలేదు. బుధవారం సాయంత్రానికి ఒక చాప పరిచినంత మేరలోనే ఊగుతోంది. విరిగిన వెదురు ముక్క తామరల్లో ఇరుక్కుందని అవ్వ పోల్చింది. చేప పైకి వచ్చినప్పుడు మూతి ఒక్కటే, అదీ కష్టంగా, నీళ్ళ పైకి అందేది.

"రేపటికి అందదు" అంది అవ్వ.

గురువారం నేను కడుపునొప్పని హెడ్మాస్టరుగారికి అబద్ధం చెప్పి బడి మధ్యలోనే వచ్చేశాను. నాకు ఈత రాదు. చీర ఎగ్గట్టి, అవ్వ చెయ్యి పట్టుకుని నీళ్ళలో దిగాను. అడుగున బురద మోకాళ్ళ దాకా లాగుతోంది. నీళ్ళు ఆమెకు భుజాల దాకా, నాకు రొమ్ము దాకా వచ్చాయి. బెండు కదలడం లేదు. అవ్వ తామర కాడలు ఒక్కొక్కటే తడుముతూ దారం వెంబడి చెయ్యి పోనిచ్చింది. దారం కాడలకు అల్లుకుని అల్లుకుని మూరెడు మిగిలింది. ఆ మూరెడు చివర చేప ఉంది.

"ఉండాది. బతికుండాది" అంది.

రెండు చేతులతో దాన్ని పైకెత్తి మూతి గాలికి పెట్టింది. అది నోరు తెరిచి ఒక్క గుటక వేసింది. గాలం పెదవి మూలన దిగి ఉంది. నేను పట్టుకుని లాగబోయాను. అవ్వ నా చెయ్యి విదిలించింది.

"లాగబాక. నీ గాలానికి ముల్లుండాది. వెనక్కి లాగితే మూతంతా వస్తాది."

చేపను నన్ను పట్టుకోమని, నడుముకు దోపుకొచ్చిన కొడవలి మొనతో దారం కోసేసింది. గాలాన్ని వెనక్కి లాగకుండా ముందుకే తోసి, మొన పెదవికి అవతలి నుంచి బయటికి వచ్చాక అటువైపు నుంచే మొత్తంగా తీసేసింది. చేపకు పొట్ట లోపలికి పోయింది, ఒంటి మీద దారం కోసుకుపోయిన గీతలున్నాయి. అవ్వ దాన్ని నీళ్ళలోనే రెండు చేతుల మధ్య పట్టుకుని నిలబడింది. ఎంతసేపో చెప్పలేను. ఆ పిల్లలు మా చుట్టూ, నా చీర మడతల్లో, మా చేతుల మధ్య తిరుగుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. చాటుగా ఏమీ ఏడవలేదు, అక్కడే ఏడ్చాను.

"పో తల్లీ" అంది అవ్వ చేపతో. "మా వల్ల తప్పయింది. పో."

అది తోక ఆడించి, చేతుల్లోంచి జారి, తుంగలోకి పోయింది. పిల్లలు కూడా పోయాయి. ఆ తరవాత పది పన్నెండు రోజులు మేము ఆ ఎర్ర మచ్చనూ, దాని పక్కన అప్పుడప్పుడూ లేచే మూతినీ చూస్తూనే ఉన్నాం. అవ్వ మొహం తేటబడింది. పిల్లలు పెద్దవై, రంగు మారి, చెరువంతా చెల్లాచెదురయ్యాక ఇక చూడటానికి గుర్తు లేకపోయింది.

నేను నైలాన్ దారం పారేయలేదు. పారేసేంత మంచిదాన్ని కాను. దానికి తెగే చోటు పెట్టడం నేర్చుకున్నాను. మా వసారాలో దూలానికి దారం వేలాడదీసి, చివర గాలానికి చిన్న బకెట్టు తగిలించి, గ్లాసు గ్లాసుగా నీళ్ళు పోసేదాన్ని. ఎన్ని గ్లాసులకు తెగింది, ఎక్కడ తెగింది అని చూడటం. గాలం పైన మూడు పోగుల నూలు కడితే కొన్నిసార్లు ముడి దగ్గర, కొన్నిసార్లు పైన నైలాన్ మొదట్లో తెగేది. అది పనికిరాదు. రెండు పోగులు సరిపోయాయి. బెండును ముడి వేసి బిగించడం మాని, దారం తెగితే దానంతటది జారిపోయేట్టు పుల్లతో బిగించాం. గాలం ముల్లు సానరాయి మీద అరగదీశాను.

అవ్వ కూతురు గోడకానుకుని కూర్చుని, నిండు కడుపుతో, తొడ మీద నూలుకు పురి వేసి ఇచ్చేది. ఆ పిల్ల పురి అవ్వ పురి కంటే సన్నగా, సమంగా వచ్చేది. బకెట్టు ధబ్బున పడి నీళ్ళు నా కాళ్ళ మీద చిమ్మినప్పుడల్లా కడుపు పట్టుకుని నవ్వేది.

"చేపలు పట్టేదానికి ఇన్ని తిప్పలు పడతారు, వదిలేదానికి కూడా ఇన్ని తిప్పలాక్కా" అనేది.

వాళ్ళమ్మ నా వైపు చూసేది. ఆ పిల్లకు మేము ఏమీ చెప్పలేదు.

కోతలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఆ పిల్లకు నొప్పులొచ్చాయి. మంత్రసాని వచ్చింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది, ఏడ్చింది కూడా. నేను బళ్ళోంచి పరుగెత్తుకుంటూ పోయి చూశాను. నా వేలు పట్టుకుంది. పొద్దు గూకేలోపు ఊపిరి నిలవక పోయింది.

మర్నాడూ, ఆ మర్నాడూ నేను ఆ ఇంటికి పోలేదు. ఊరంతా పోయి వచ్చింది, గోడ అవతలున్న నేను పోలేకపోయాను. ఉసురు లేదూ గిసురు లేదూ అని అరిచిన మనిషిని కదా. ఆ రెండు రోజులూ నేను చేసిందల్లా, ఆ చేపను చివరిసారి ఎప్పుడు చూశానని లెక్క వేసుకోవడం. పెదవి గాయం చీము పట్టిందేమో. ఒంటి మీద గీతలు కుళ్ళాయేమో. పిల్లలు చెదిరిపోయాయా, తల్లి చచ్చిపోతే ఇంకో చేప తినేసిందా. పొద్దునే చెరువుకు పోయి ఉత్తరపు మూల గంటసేపు నిలబడ్డాను. తుంగా నీళ్ళూ తప్ప ఏమీ కనపడలేదు. దేవుడి బిడ్డనని చెప్పుకునేదాన్ని, ఒక చేప మూతి కోసం వెతుక్కుంటూ నిలబడ్డాను. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించలేదు. గోడ అవతల నుంచి ఆ పిల్ల మూలుగూ, అవ్వ దాన్ని సముదాయించే గొంతూ పగలూ రాత్రీ వినపడుతూనే ఉన్నాయి. ఆ గొంతు ఒక్క గంటసేపు కూడా ఆగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం అవ్వ మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గిన్నె ఉంది. నేను లేచి నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"పొయ్యి వెలిగించలేదంట గదా" అంది. "కూర్చో."

కూర్చున్నాను. గిన్నెలో చారన్నం నా ముందు పెట్టి, తను కూడా గోడకానుకుని కూర్చుంది. మూడు రోజుల్లో పదేళ్ళు పైబడినట్టుంది.

"చేపను చూసినా టీచరమ్మా" అంది. "నిన్న పొద్దునా చూసినా, ఇయ్యాల పొద్దునా చూసినా. అదే మూల, తుంగ పక్కన. మూతి పక్కన మచ్చ మానిపోయింది. బాగా బలిసింది కూడా. ఎవురి ఉసురూ లేదు. నా బిడ్డ గీత అట్టుండాది, అంతే. నువ్వు మనసులో పెట్టుకోబాక."

ఆ మూడు రోజులూ అవ్వ కూతురి పక్కన నుంచి లేవలేదు. చెరువు దాకా పోవడం అటుంచి, మా గుమ్మంలోకి వచ్చేదాకా గడప కూడా దాటలేదు. ఆ సంగతి నాకు తెలుసునని ఆమెకూ తెలుసు.

"తిను" అంది.

ఆమె చూస్తుండగా తిన్నాను.